ఎడమ చెవి, ఉప్పు నిమ్మకాయ

అశోక్ నగర్‌లో అద్దెకుంటూ పిల్లలకు సంగీతం చెప్పుకుని బతికేదాన్ని. 2011 ఎండాకాలంలో ఒక ఉదయం, పాఠం మధ్యలో "ఆ శ్రుతిపెట్టె ఆపవే!" అని ఓ పిల్లను కసిరాను. "ఆపేసే ఉంది టీచర్" అంది. ఆ మోత నా ఎడమ చెవిలోది. అంతలోనే గది గిర్రున తిరిగింది. నేల మీద పడుకుని, అక్కడినుంచి కూడా పడిపోతానేమోనని చాప అంచు గట్టిగా పట్టుకున్నాను.

పైవాటాలో ఉండే ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. "పైత్యం జేసిందమ్మా. పరేషాన్ గాకు, జర ఇది చప్పరించు" అంటూ ఉప్పులో ఊరి నల్లబడ్డ నిమ్మకాయ బద్ద నా నోట్లో పెట్టింది. కాసేపటికి తగ్గింది. దానంతటదే తగ్గిందని మాకేం తెలుసు? ఆ తర్వాత తల తిరిగినప్పుడల్లా నిమ్మకాయే. పైన ఉప్పేసిన మజ్జిగ. అయినా తిరగడం ఎక్కువైందే కానీ తగ్గలేదు. చిక్కడపల్లి మార్కెట్లో నేను తూలుతుంటే, రోజూ నమస్తే పెట్టే వంకాయలాయన నా వైపు వంగి వాసన చూశాడు. ఒళ్లు మండిపోయింది.

చివరికి నారాయణగూడలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. వినికిడి పరీక్షకని చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నాడు. ఎడమ చెవికి వచ్చేసరికి కొంతసేపటికి ఏమీ వినపడలేదు. శ్రుతి వినపడని టీచరు దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? అందుకని అంతకుముందు వచ్చిన శబ్దాల నడక పట్టుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ మీట నొక్కుకుంటూ పోయాను. డాక్టరు తలుపు తీసి, "అమ్మా, మిషన్ ఆపేసి చాలాసేపైంది" అన్నాడు.

లోపలి చెవిలో నీరు ఎక్కువైందట. మోత, దిబ్బడ, తిప్పుడు, అన్నీ దానివల్లేనట. ఎడమ చెవిలో పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చన్నాడు. ముందుగా ఉప్పు బాగా తగ్గించమన్నాడు. నిమ్మకాయ వైద్యం గురించి చెబితే, పాపం, నవ్వాపుకోలేకపోయాడు.

ఇంటావిడకు చెబితే ఏడ్చేసింది. "నా చేతులతోని నీ చెవు ఖరాబ్ జేసిన." జబ్బు నిమ్మకాయకంటే ముందే వచ్చిందండీ అంటే వినదే! మర్నాటినుంచి పాఠం వేళకు కత్తిపీట, కూరగాయలు పట్టుకుని కిందికి దిగి, నా ఎడమ పక్కన కూర్చునేది. ఇన్నేళ్లుగా పైనుంచి వింటూనే ఉందేమో, నా పాఠాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అటువైపు పిల్లలెవరైనా శ్రుతి తప్పితే బెండకాయలు తరగడం ఆపేది. మోకాళ్లు పట్టుకుని లేచి, నా వెనకనుంచి చుట్టూ తిరిగి, కుడి పక్కకు వచ్చి మెల్లగా చెప్పేది:

"ఆ ఎర్రగౌను పిల్ల జర కిందికి పాడుతున్నదమ్మా."