మధ్యాహ్నం ఊరెళ్ళొచ్చినవాళ్ళు

దయ్యాలంటే నాకు భయం లేదని చెప్పను. చీకట్లో కొబ్బరిమట్ట పడితే నేనూ ఉలిక్కిపడతాను. నమ్మకం మాత్రం ఏనాడూ లేదు. మలేషియాలో, క్లాంగ్ ఊళ్ళో ఒక వంటనూనె ఫ్యాక్టరీ ల్యాబ్‌లోనే నా ఉద్యోగమంతా గడిచింది. నూనె రంగు చూడటం, వాసన పట్టడం, బాగుంటే బాగుందని, చెడితే చెడిందని రాయడం నా పని. కారణం లేకుండా ఏ నూనే చెడిపోదు. లోకంలో మిగతావీ అంతేనని నా అభిప్రాయం.

మా అమ్మ అలా కాదు. ఆమె బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో పుట్టింది. ఆ చెట్ల మధ్య ఎవరు ఎవరికి కనిపించారో గంటల తరబడి చెప్పగలదు. నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేదాన్ని.

ఆ కథల్లో ఒకటి మాత్రం మా ఇంట్లో పరాచికంగా మిగిలిపోయింది. మా అమ్మమ్మ విజయనగరం వైపు పల్లె నుంచి కొత్త కోడలిగా ఓడెక్కి ఈ దేశం వచ్చింది. మళ్ళీ పుట్టింటి మొహం చూడలేదు. ఒకరోజు రబ్బరు పాలు తీసే పని ముగించుకుని వచ్చి, మధ్యాహ్నం ఇంటి అరుగు మీద నిద్రపోయి, లేచి, "ఇప్పుడే మా యమ్మ దగ్గరికి ఊరెళ్ళొచ్చినాను" అందట. అందరూ విరగబడి నవ్వారట. అప్పటినుంచి మా ఇంట్లో పగటిపూట ఎవరు కునుకు తీసినా, లేవగానే "ఏటి, ఊరెళ్ళొచ్చినావా?" అని ఆటపట్టించడం ఆనవాయితీ. మా చెల్లెలి మొగుడు కొత్త అల్లుడిగా వచ్చినరోజు సోఫాలో కునికితే అతన్నీ వదల్లేదు.

ఇక అసలు సంగతి.

నేను ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది మా హైకింగ్ గుంపులో మరో ముగ్గురితో కలిసి నేపాల్ వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. మూడు వారాల నడక. పెద్ద కొండల వరస చుట్టూ తిరుగుతూ, ఊరు తర్వాత ఊరు ఎక్కుతూ, చివరికి మంచు కనుమ ఒకటి దాటాలి. అమ్మకి ఇష్టం లేదు. డబ్బులిచ్చి ఆయాసం కొనుక్కోవడం అంది.

మా తామాన్ గేటు దగ్గర కాపలా ఉండేది నేపాలీ అతను. తామాన్ అంటే ఇక్కడ కాలనీ. అతని పేరు దిల్ బహదూర్. ముప్పై దాటినవాడే అయినా అమ్మకి కుర్రాడే. అమ్మ రోజూ ఏదో ఒకటి పట్టుకెళ్ళి అతనికి పెట్టేది. అమ్మది మాట చివర 'లా' తగిలించే ఎస్టేటు మలయ్, అతనిది గేటు దగ్గర నేర్చుకున్న మలయ్. ఇద్దరికీ బాగానే కుదిరింది.

నా ప్రయాణం సంగతి తెలిసి దిల్ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. పటంలో తన ఊరు వేలితో చూపించాడు. మా దారిలో లేదు, దారి మీంచి ఒక పూట పైకి ఎక్కాలి. అక్కడ అతని తల్లి ఒక్కతే ఉంటుంది. ఫోను మాట్లాడాలంటే ఊరి పైనున్న గుట్ట ఎక్కాలి. ఆమె జారిపడి మోకాళ్ళు దెబ్బతిన్నాక ఆ గుట్ట ఎక్కడం మానేసింది. నెలల తరబడి అతను తల్లి గొంతు వినలేదు. కాంట్రాక్టు ప్రకారం వేసవి దాకా సెలవు లేదు.

"బాగానే ఉందని పక్కింటివాళ్ళు చెబుతున్నారు కకా. నాకు మనసు ఒప్పడం లేదు. మీరు కళ్ళారా చూసి చెప్పండి" అన్నాడు. కకా అంటే మలయ్‌లో అక్క.

తల్లికిమ్మని ఒక చిన్న సీసా ఇచ్చాడు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉండే ఆకుపచ్చ తైలం. కర్పూరం, పుదీనా, లవంగం కలిసిన ఘాటు. తలనొప్పికీ అదే, దోమకాటుకీ అదే, అజీర్తికీ అదే. "మోకాళ్ళకి, రెండు పూటలా" అన్నాడు. నా చేతిలోని సీసా వైపు చూస్తూ, "అసలైతే నేనే రాయాలి" అన్నాడు.

ఆ వాసన బట్టలకి పట్టకుండా సీసాని రెండు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టి, మేజోడులో పెట్టి, బ్యాగు అడుగున దోపాను. ఇది గుర్తుపెట్టుకోండి.

నడక గురించి ఎక్కువ రాయను. మొదటి వారం అడవి, జలపాతాలు, పగటిపూట చెమట. రెండో వారానికి చెట్లు పోయాయి. రాతిగోడల ఊళ్ళు, చదును కప్పుల మీద ఎండబెట్టిన గడ్డి, దారి పక్కన మంత్రాలు చెక్కిన రాళ్ళు. చాలా ఇళ్ళకి తాళాలు. ఉన్న ఇళ్ళలో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. మేం మలేషియా నుంచి అనగానే పిల్లలు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒకడి తండ్రి జొహోర్‌లో, ఒకడి అన్న పెనాంగ్‌లో. ఆ ఊళ్ళలోని మగవాళ్ళందరినీ నేను ఏదో ఒక గేటు దగ్గర చూసే ఉంటాననిపించింది.

దిల్ ఊరికి తిరగాల్సిన చోటికి రాకముందే నాకు కొండజబ్బు పట్టింది. తల పగిలిపోయే నొప్పి, ఏం తిన్నా వాంతి. మా గైడు పెంబా నన్ను కిందికి దింపి కొన్నాళ్ళు పడుకోబెట్టాడు. తేరుకునేసరికి ఆలస్యమైంది. ఆ పక్కదారి మానేద్దాం, సీసాని ఎవరి చేతనైనా పంపిద్దాం అన్నారు తోటివాళ్ళు. వాళ్ళు చెప్పింది సబబే. కానీ నేను మోసుకొచ్చింది సీసా ఒక్కటే కాదు. ఆమె ఎలా ఉందో చూసి చెబుతానని మాటిచ్చాను. చివరికి వాళ్ళు కింద ఊళ్ళో ఆగారు, నేనూ పెంబా తెల్లవారగానే బయల్దేరి పైకి ఎక్కాం.

ఆ రోజు శనివారం. నాకిది గట్టిగా గుర్తుండటానికి రెండు కారణాలు. అది పురటాసి మూడో శనివారం. పురటాసి అంటే ఇక్కడి తమిళుల లెక్కలో పెరుమాళ్ళ నెల, మేమూ పాటిస్తాం. ఈపాటికి ఇంట్లో అమ్మ పెరుమాళ్ళకి పులిహోర, చక్కెర పొంగలి చేసి ఉంటుందని దారంతా నోరూరుతూ నడిచాను. రెండోది, ఊళ్ళోకి వెళ్ళేసరికి బడి మూసి ఉంది, పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. నేపాల్‌లో వారపు సెలవు శనివారమే.

ఊరికి ఒకటే దారి. ఆ దారిలో మాకు ఎదురైంది గడ్డిమోపు మోస్తున్న ముసలాయన ఒక్కడే.

దిల్ ఇంటి తలుపు తీసి ఉంది. లోపలికి తొంగిచూడకముందే వాసన తగిలింది. కర్పూరం, పుదీనా, లవంగం. సీసా పగిలిందనుకుని అక్కడే బ్యాగు దించి, అడుగునుంచి మేజోడు లాగాను. పొడిగా ఉంది. నేను వేసిన ముడులు అలాగే ఉన్నాయి. సీసా మూత మీద సీలు కూడా చెక్కుచెదరలేదు. జలుబుతో ముక్కు మూసుకుపోయిన పెంబా కూడా, "ఏదో మందు వాసన" అన్నాడు.

ఆమె పొయ్యి పక్కన కూర్చుని ఉంది. చాలా చిన్న మనిషి. చూపు మందగించింది. పరికిణీ మోకాళ్ళ పైకి లాక్కుని ఉంది. రెండు మోకాళ్ళూ నూనెతో తళతళలాడుతున్నాయి. పొయ్యికి ఇటుపక్క ఒక పళ్ళెం, అటుపక్క ఒక పళ్ళెం. రెండింటిలోనూ ఉడికిన బంగాళదుంపల తొక్కలు, కాస్త నూరిన మిరపకాయ కారం.

పెంబా మేమెవరమో చెప్పాడు. ఆమె నవ్వి ఏదో అంది. పెంబా వెంటనే నాకు చెప్పలేదు. మళ్ళీ అడిగి, మళ్ళీ విని, అప్పుడు చెప్పాడు.

"కొడుకు ఇప్పుడే వెళ్ళాడట. మీకు దారిలో ఎదురు పడలేదా అని అడుగుతోంది."

నేను కంగారు పడలేదు. ముసలితనంలో మతి అలా అవుతుంది. మా అత్తగారికీ చివర్లో అయింది. ఏ కొడుకు అని అడిగించాను. నాకున్నది ఒక్కడే కదా అంది. వచ్చాడట, దుంపలు తిన్నాడట, మోకాళ్ళకి మందు రాశాడట. "వాడి చేతులు మెత్తబడిపోయాయి. అక్కడ మట్టిపని లేదనుకుంటా" అందట. దాని గురించి కాస్త బాధపడింది కూడా.

నేను సీసా చేతిలో పెడితే తడిమి చూసి, మూత దగ్గర వాసన చూసి, "ఇంకోటా?" అని నవ్వింది.

ఇంట్లో మరో సీసా నాకు కనిపించలేదు. ఉండొచ్చు, ఆమె పెట్టెలు నేను వెతకలేదు. ఇలాంటి తైలాలు కొండల్లో వ్యాపారులు అమ్ముతారని పెంబా అన్నాడు. అదీ నిజమే. బయట పిల్లల్ని అడిగాడు. పొద్దుటినుంచి ఊళ్ళోకి కొత్తవాళ్ళెవరూ రాలేదన్నారు. పక్కింటావిడా అదే చెప్పింది.

వచ్చేటప్పుడు ఆమె గట్టిగా ఎండిన జున్ను ముక్కల దండ ఒకటి నా మెడలో వేసింది, కొడుక్కిమ్మని. తొందరపడి రావద్దని చెప్పమంది. "చూశాను కదా" అంది. దిగేదారిలో పెంబా రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ ఇంటివైపు చూశాడు. నేను కూడా.

తర్వాత కనుమ దాటాం. ఫొటోలు దిగాం. ఇంటికి వచ్చాం.

ఇంటికి వచ్చిన రోజు నేనింకా షూ విప్పుతూండగానే అమ్మ దిల్ మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. అప్పటికి కొండల్లో సంగతి నేనెవరికీ చెప్పలేదు, ఫోన్లో కూడా.

"ఆ కుర్రోడికి ఏటైనాదో తెలీదు పాపా. మూడో శనివారం పూజయ్యాక పెసాదం పట్టుకెల్లినాను. మిట్టమజ్జాన్నం. కుర్సీలో తల వాల్చీసి నిద్దర. ఎంత పిలిసినా లేవనేదు. బుజం పట్టుకుని ఊపితే అప్పుడు లేసినాడు. నాను నవ్వీసి, ఏటిరా, బాలిక్ కంపుంగా, అనడిగినాను."

బాలిక్ కంపుంగ్ అంటే సొంతూరు వెళ్ళడం. పండగలొస్తే ఈ దేశంలో అందరి నోటా అదే మాట. మా ఇంటి పరాచికాన్నే అమ్మ అతనికి మలయ్‌లో వేసిందన్నమాట. అతను అమ్మని మక్చిక్ అంటాడు, అంటే పిన్ని.

"ఎల్లొచ్చినాను మక్చిక్, అన్నాడు. నవ్వనేదు లా. పులిహోర ఎట్టబోతే, వద్దు, తినొచ్చినాను అన్నాడు. పెసాదం వద్దంటారేటి ఎవరైనా? కోపమొచ్చి వచ్చీసినాను."

నేను రెండో షూ లేసు లాగాను, ముడి పడింది.

"ఇంకోటి పాపా. ఆడి ఒళ్ళంతా పొయ్యి పొగ. కట్టెల పొయ్యి."

"సిగరెట్టేమోనమ్మా."

"సిగరెట్టుకీ కట్టెలకీ తేడా తెలీదేటే నాకు? ఎస్టేటులో పుట్టినదాన్ని లా."

మా చుట్టుపక్కల కట్టెలపొయ్యి ఎవరికీ లేదు. కొన్ని సంవత్సరాల్లో ఆ నెలల్లో గాలికి పొగ కమ్ముకొస్తుంది, అదేమోనని పక్కవాళ్ళని అడిగాను. ఆ వారమంతా ఆకాశం తేటగానే ఉందన్నారు.

సాయంత్రం జున్ను దండ పట్టుకుని గేటుకి వెళ్ళాను. ఏమని చెప్పాలో దారిలో మాటలు కూర్చుకున్నాను. దిల్ దండ అందుకుని, వాసన చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ చెప్పాడు. నేను వెళ్ళేముందు మా గుమ్మంలో నిలబడి పదిసార్లు జాగ్రత్తలు చెప్పిన మనిషి, అమ్మ ఎలా ఉందని అడగలేదు. జేబు మీద చెయ్యి వేసి తనే, "బాగా చిక్కిపోయింది" అన్నాడు.

నేను అప్పటికింకా ఏమీ చెప్పలేదు.

ఆ శనివారం ఏమైందని అడిగాను. తల దించుకున్నాడు. "డ్యూటీలో నిద్రపోయాను కకా. కంప్లైంటు మాత్రం చెయ్యకండి" అన్నాడు. అంతకుమించి నేనూ అడగలేకపోయాను.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. పక్కింటివాళ్ళు గుట్ట ఎక్కి ఫోను చేశారు. సెలవు దొరికి, టికెట్టు దొరికి, అతను ఊరు చేరేలోపు అన్నీ అయిపోతాయి. వెళ్ళి చేసేదేం లేదని ఆగిపోయాడు. కబురు తెలిసి నేనూ అమ్మా గేటుకి వెళ్ళాం. అమ్మ కాఫీ పోసిచ్చి, అతని వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే నిలబడింది. అతను ఏడ్చాడు, కానీ చూడలేకపోయానని మాత్రం అనలేదు. దూరదేశాల్లో ఉన్నవాళ్ళందరూ ముందుగా అనే మాట అదే. అతని నోట ఆ మాట రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మ గోడకున్న అమ్మమ్మ ఫొటో దగ్గర నిలబడింది. ఎన్నోసార్లు చెప్పిన కథలో ఎప్పుడూ చెప్పని ముక్క అప్పుడు చెప్పింది.

"ఆ రోజు మీ అమ్మమ్మ లేసి కూకున్నాక మా అయ్య అన్నం ఎట్టినాడు. ముట్టనేదు. మా యమ్మ ఎట్టినాది, తినొచ్చినాను అన్నాది. మాపటేల దాకా ఏటీ తిననేదు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళుంటాయి. అందరితో పాటు నానూ నవ్వినాను పాపా."

చాలాసేపు కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

నేను ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అయినా అక్కడ ఉన్నది దయ్యం కాదు, అప్పటికి ఇద్దరూ బతికే ఉన్నారు. ఆ తైలం ఎవరో వ్యాపారి అమ్మి ఉండొచ్చు. అమ్మ ముక్కు పొరబడి ఉండొచ్చు. రెండు పళ్ళేల్లోనూ ఆమే తిని ఉండొచ్చు. ఒక్కొక్కదానికీ ఒక్కో కారణం చెప్పగలను. అన్నీ ఒక్క మధ్యాహ్నమే ఎందుకు జరిగాయో మాత్రం చెప్పలేను.

మా ఇంట్లో ఇప్పుడు ఆ పరాచికం ఎవరూ ఆడరు. పగలు ఎవరైనా కునుకు తీసి లేస్తే అమ్మ పక్కన కూర్చుని, "ఏటైనా తిన్నావా?" అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా లేవదు.