తలగడ పక్కన పెట్రోలు గుడ్డ

నేను కడుపుతో ఉన్నప్పుడు అన్నం ఉడికే వాసన పడేది కాదు. పెరట్లో కాఫీ పళ్లు పులిసిన వాసన పడేది కాదు. ఆఖరికి మా ఆయన తలకు రాసుకునే నూనె కూడా అంతే. పడిన వాసన ఒక్కటే, పెట్రోలు.

మా ఇల్లు అరకు నుంచి లోపలికి పోయే కొండదారి మీద ఉంది. ముందు గదిలో చిన్న కిరాణా దుకాణం. బంకు దూరం కాబట్టి మా ఆయన డబ్బాలతో పెట్రోలు తెచ్చి, కూల్‌డ్రింకు సీసాల్లో పోసి అమ్ముతాడు. ఎండకు సీసాలు ఉబ్బుతాయని వాటిని మేం పడుకునే గదిలో, మంచం కింద ఉంచేవాళ్లం. ఆయన గరాటు పెట్టి పోస్తుంటే నేను దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. ఆ ఘాటు ముక్కుకు తగలగానే వికారం తగ్గేది.

అది మా అత్త కనిపెట్టింది. ఆమెది పాచిపెంట వైపు. కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని ఆమె నమ్మకం. పుల్ల మామిడికాయకూ పుట్టమన్నుకూ వర్తించేది పెట్రోలుకు ఎందుకు వర్తించదు? పాత చీర ముక్క ఒకటి చింపి, పెట్రోలులో తడిపి, నా తలగడ పక్కన పెట్టింది. ఆరిపోతే మళ్లీ తడిపేది. మా ఆయన భయమల్లా అగ్గిపుల్ల గురించే. గదిలో దోమల చక్రం వెలిగించనిచ్చేవాడు కాదు. వికారం పూర్తిగా పోయేదాకా ఆ గుడ్డ అక్కడే ఉంది. నాకు హాయిగా నిద్ర పట్టేది.

పాప పుట్టింది. బోర్లా పడటం, పాకబోవడం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం దుకాణం ముందు బండి సైలెన్సరు ఢామ్మని పేలింది. మా అత్త చేతిలో చాట జారిపోయింది. పాప మాత్రం కాలి బొటనవేలిని నోట్లో పెట్టుకునే పనిలో ఉంది. తలైనా తిప్పలేదు.

నాకు వెంటనే ఆ గుడ్డ గుర్తొచ్చింది.

విశాఖలో జువాలజీ చదివాను. ఫోనులో వెతకడం వచ్చు, ఎక్కడ ఆపాలో రాదు. వెతుకుతూ పోతే ఎలుకలు దొరికాయి. చూలుతో ఉన్న ఎలుకలను మూసిన గదుల్లో ఉంచి, రోజూ కొన్ని గంటలు పెట్రోలు ఆవిరి కలిపిన గాలి పంపుతారట. మరికొన్నింటికి మామూలు గాలి. పుట్టిన పిల్లలను తూకం వేస్తారు, మెలికల దారుల పెట్టెలో వదిలి బయటికి దారి వెతికిస్తారు. హఠాత్తుగా చప్పుడు చేసి, ఎంత ఉలిక్కిపడ్డాయో పరికరంతో కొలుస్తారు. ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. పెద్ద తేడా ఏమీ కనబడలేదని ఒకచోట రాశారు. ఆవిరి బాగా ఎక్కువైనప్పుడు కొన్ని మార్పులు వచ్చాయని ఇంకోచోట. ఎలుకల్లో కనబడింది మనుషులకు నేరుగా వర్తించదని దాదాపు అన్నిచోట్లా. నా గుడ్డ ఎక్కువ కిందికి వస్తుందా, తక్కువ కిందికి వస్తుందా? ఆ లెక్క ఎవరూ రాయలేదు.

మర్నాటి నుంచి నేనే పరీక్షలు మొదలుపెట్టాను. పాప వెనక స్టీలు పళ్లెం పడేసి చూశాను. ఒకసారి ఉలిక్కిపడింది. మరోసారి పట్టించుకోలేదు. ఇంకోసారి నవ్వింది. నవ్వితే ఏ లెక్క కిందికి వస్తుందో తెలియలేదు. ఇంతలో మా అత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఏటే అమ్మీ, గుంటదాని కాడ పళ్లేలు పడేత్తన్నావు?"

దాచడం చేతకాక అంతా చెప్పేశాను. బాధపడుతుందనుకున్నాను. ఆమె పాపను ఒళ్లోకి తీసుకుని, ఎలుకల గురించి ఒక్కొక్కటే అడిగింది. ఏం రంగు, ఏం తింటాయి, గది ఎంతుంటుంది.

"అయి కావాలని అడిగినాయేటి ఆ గాలి?"

"లేదత్తా. లోపల పెట్టి తలుపేస్తారు."

"మరి నువ్వు అడిగినావు." పాప చెవి మీది జుట్టు వెనక్కి తోసింది. "అడిగితే మాత్రం, నాను పెట్టీసినాను."

పొద్దున్నే నాకంటే ముందే పాపకు టోపీ పెట్టి ఆటో కోసం రోడ్డు మీద నిలబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను అడిగితే మా అత్త ముందు మాట్లాడింది. గుడ్డ పెట్టింది తనేనని, కోడలికి ఏమీ తెలీదని చెప్పింది. డాక్టరమ్మ పాప చెవులు చూసింది. కనబడకుండా ఒక పక్క గిలక ఆడించింది, తర్వాత రెండో పక్క. పాప రెండు వైపులా తిరిగింది. బండి పేలినప్పుడు మాత్రం తల తిప్పలేదని చెప్పాను.

"మీ దుకాణం ముందు రోజూ బళ్లు ఆగుతాయా?" అని అడిగింది. ఆగుతాయన్నాను. అయితే పాప ఆ చప్పుళ్లకు అలవాటుపడి ఉంటుందంది. ఎలుకలకూ అదే చప్పుడు మళ్లీమళ్లీ వినిపిస్తే ఉలికిపాటు తగ్గుతుందని, అది బాగున్నదానికే గుర్తని నేను చదివిన పేజీలోనే కిందెక్కడో ఉంది. భయంలో దాటేశాను.

పెట్రోలు సంగతి మాత్రం ఆవిడ తేల్చలేదు. "ఏమీ కాదని రాసివ్వలేను, ఏదో అవుతుందనీ చెప్పలేను. ఇప్పటికి వయసుకు తగ్గట్టే ఉంది. వినికిడి పరీక్ష పెద్దాసుపత్రిలో ఒకసారి చేయించండి. ముందు ఆ సీసాలు గదిలోంచి తీయండి," అంది.

ఇంటికి రాగానే మా అత్త కొంగు ముక్కుకు చుట్టుకుని సీసాలన్నీ పెరటి అవతలి రేకుల పాకలోకి మోసింది. పాపను పట్టుకుని దూరంగా నిలబడమని నాకు ఆజ్ఞ. ఇప్పుడు పెట్రోలుకు వచ్చేవాళ్ల వెనక కడుపుతో ఉన్న మనిషి కనబడితే ఆమెను దూరంగా నీడలో కూర్చోబెడుతుంది. ఎలుకల కథ చెబుతుంది. ఆ కథలో ఎలుకలు పెరిగి పెరిగి పందికొక్కులంత అయ్యాయి.

నిన్న పాపకు పాలిస్తుంటే పక్కన కూర్చుంది.

"పిల్లల్ని తూచినారు, సప్పుడు సేసినారు. మరి ఆ తల్లులు ఏటైనాయే?"

నేను చదివినచోట తల్లుల గురించి ఒకటి రెండు వాక్యాలే ఉన్నాయి. ప్రయోగం అయిపోయాక వాటిని చంపేయడం కాలేజీ ల్యాబులో చూసినదాన్నే. పాపను రెండో పక్కకు మార్చుకున్నాను.

"ఒగ్గేసుంటార్లే," అని ఆమే అనుకుంది. "పని అయిపోనాక ఇంకెందుకు."

వదిలేసే ఉంటారత్తా అన్నాను.