అత్తమ్మకు నచ్చిన చెడ్డవాడు

మా అత్తమ్మ పోయి నెల దాటింది. "పాపం, కాశి చూడకుండనే పాయె" అని వడ్డేపల్లిలో ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది నేనే. నోటితో చెప్పలేక చివరికి కలం పట్టాను.

అత్తమ్మకు నిజంగా ఇష్టమైనవాడు సినిమాల్లో విలన్. టీవీలో హీరో పాట మొదలైతే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లేది. విలన్ మెట్లు దిగుతుంటే "ఓ పిల్లా, జల్ది రా, మనోడొచ్చిండు" అని నన్ను కేకేసేది. "హీరోకు పాటలిచ్చిండ్రు, గీనికి మాటలిచ్చిండ్రు" అనేది. వాడు నవ్వితే తనూ నవ్వేది, కొంగు అడ్డం పెట్టుకోకుండా. మామ ఉన్నన్నాళ్లు ఆమె గొంతు వాకిలి దాటలేదని చుట్టాలు చెప్పేవారు. ఆమె వల్లే, ఆడమనిషి పెద్దగా నవ్వితే ఎంత బాగుంటుందో చూశాను. చివర్లో వాణ్ని చంపకముందే టీవీ ఆపేయించేది. "ఇగ మంచోళ్ల ముచ్చటే. అది మనకు ఎర్కలేందా?"

నేను శనివారాలు ఉపవాసముండి, జపమాల తిప్పుకునే మనిషిని. భజనకు పిలవడానికి వచ్చే ఆడవాళ్లు వింటారేమోనని తలుపు దగ్గరికి వేసేదాన్ని. కాని పక్క గదిలో ఆ చెడ్డవాడు మెల్లగా బెదిరిస్తుంటే నా వేళ్లు పూస మీద ఆగిపోయేవి. అత్తమ్మ అది కనిపెట్టింది.

"దేవుడేమనడు తియ్. రాక్షసులు లేంది ఆయన మాత్రం యాడి దేవుడు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

ఒంట్లో బాగలేని రోజుల్లో, గద్వాలలో ఆడుతున్న సినిమాకు తోల్కపొమ్మని అడిగింది. పోస్టరు మీద హీరో కన్నా విలనే పెద్దగున్నడట. "ఈ వయసుల వాని ముఖమెందుకు అత్తమ్మా, రాముణ్ని తలుసుకో" అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ అడగలేదు.

అత్తమ్మ పోయాక పిట్టకు పెట్టిన రోజు జొన్నరొట్టె, పచ్చిపులుసు, భక్ష్యాలు విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి గోడ మీదే కూర్చుంది. ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిందన్నారు. మా ఆడబిడ్డ నావైపు తిరిగి, "వదినె, దగ్గరున్నది నువ్వే గద. అమ్మ మనసుల ఏముండెనో జెప్పు" అంది. అందరూ చూస్తున్నారు. నాకు తెలుసు. నా నోటి నుంచి మాత్రం "కాశి పోవాలన్నది" అని వచ్చింది.

మా ఆయన చేతులు జోడించి ఏడ్చాడు. "పోతమే అమ్మా, నీ పేరు మీద పోతం. జర ముట్టవే."

కాకి ఎగిరిపోయింది. విస్తరి ఆవుకు పెట్టాం.

రేపే మా కాశీ ప్రయాణం. ఈ కాగితాలు ఎవరికి దొరికినా దాచండి, మా ఆయనకు మాత్రం చూపించకండి. ఇందాక నిజం చెబుదామనే ఆయన దగ్గరికి వెళ్లాను. ఎన్నడూ గిన్నె కడగని మనిషి, గంగ తేవడానికని వాకిట్లో కూర్చుని రాగి చెంబు తోముతున్నాడు. చేతుల నిండా చింతపండు. చెంబు ఎత్తి ఎండకు పట్టి, "మచ్చ పోయిందా సూడు" అన్నాడు.

పోయిందన్నాను.