తాళం వేసిన గదిలో బరువులు

మొన్న భీమవరం బస్సులో సీటు దొరక్క, వానకు తడిసిన రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. దిగాక మొహం తుడుచుకోబోతే అరచేతికి ఇనుము వాసన. అన్నపూర్ణ టీచరు గారు వచ్చి పక్కన నిలబడ్డట్టే అయింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది మరి. విచిత్రమేంటంటే, నన్ను వెయిట్‌లిఫ్టర్ని చేసిన ఆ మనిషి ఎనిమిది నెలల పాటు నా చేత ఇనుము ముట్టించలేదు.

తొంభైల చివరి మాట. మా ఊరి హైస్కూల్లో ఆవిడ డ్రిల్లు టీచరు. పొట్టి మనిషి, నేత చీర, మెళ్లో విజిలు. "ఆడపిల్లకి బరువులేంటండీ, గర్భసంచి జారిపోదూ" అని మా నాయనమ్మ దెబ్బలాటకొస్తే, "నీళ్ల బిందెలు మోసినప్పుడు జారనిది ఇప్పుడు జారుతుందాండీ?" అని నోరు మూయించారు. బడిలో ఉన్నది ఒక్క పాత రాడ్డు, నాలుగు ఇనప బిళ్లలు. జాతీయ జట్టుకి పిల్లల్ని తయారుచెయ్యాలని ప్రభుత్వం కొత్త సామాను మంజూరు చేసింది. లారీలో మూడు చెక్కపెట్టెలు దిగాయి. వాటిని వెనక గదిలో పెట్టి, తాళం వేసి, లక్క సీలు కొట్టి, "మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారు. పైగా, కొత్తవి వచ్చాయి కదాని పాతవి అదే లారీలో ఎక్కించుకుపోయారు! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. మంత్రిగారు ఈ నెలన్నారు, వచ్చే నెలన్నారు. జాతీయ జట్టు క్యాంపుకి ఎంపిక పోటీలేమో ముంచుకొస్తున్నాయి. ఆ ఏడు తప్పితే నాకు వయసు దాటిపోతుంది, ఇంకెప్పుడూ పిలవరు.

అప్పుడు మొదలెట్టారు టీచరు గారు ఆ పని. గది ముందు వరండాలో మమ్మల్ని ఐదుగురు ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి, అరచేతులకి సుద్దపొడి రాసి, "యాభై కిలోలు. పట్టు. ఎత్తు" అనేవారు. చేతుల్లో ఏమీ లేదు. మొదట్లో కిసుక్కున నవ్వేవాళ్లం. నెల తిరిగేసరికి ఎవరికీ నవ్వు రావడం లేదు. గాలిని ఎత్తుతుంటే మెడ నరాలు పొంగేవి, మోకాళ్లు వణికేవి. ఆదివారాలు నాన్న పనిచేసే చోట రొయ్యల మేత బస్తాలెత్తేదాన్ని. నిజం చెప్పొద్దూ, అవే తేలిక. ఒక సాయంత్రం ఆవిడ "అరవై ఐదు" అన్నారు. ఛాతీ దాకా తెచ్చి, తట్టుకోలేక వదిలేశాను. సరిగ్గా అప్పుడే తాళం వేసిన గదిలో ఖంగుమంది. అందరం తలుపు వైపు తిరిగాం, టీచరు గారు తప్ప.

"లోపల ఎవరున్నారండీ?" అన్నాను.

"ఎవరూ లేరు. బరువులున్నాయి. చేతులు కడుక్కో."

ఆ తరవాత మేం దింపినప్పుడల్లా ఆ చప్పుడు వచ్చేది. మా ఐదుగురం తప్ప ఆ వరండాలోకి మిగతా పిల్లలు రావడం మానేశారు.

పోటీలు పది రోజులున్నాయనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను ఒక్కదాన్నే రమ్మన్నారు. "ఉద్యోగం పోతే పోనీవే, ఒక్కసారైనా అసలు రాడ్డు పట్టుకుని వెళ్దువుగాని" అని సీలు పగలగొట్టారు. పెట్టెలు తెరిచాం. మూడింట్లోనూ వరిగడ్డి, ఇటుకలు. నేను ఏడ్చేశాను. ఆవిడ మాత్రం నేలకేసి చూస్తున్నారు. నేలంతా చెయ్యి పెడితే మునిగేంత దుమ్ము. గది నడిమధ్యన మాత్రం రెండు పాదాల గుర్తులు, బరువెత్తేవాళ్లు నిలబడేంత ఎడంగా. పక్కన నా పాదం పెట్టి చూశాను, సరిగ్గా అంతే ఉన్నాయి. అమ్మో, ఆ భయం ఇప్పటికీ తగ్గలేదు. ఆవిడ వంగి చీర చెంగుతో వాటిని తుడిచేశారు. "మిగతా పిల్లలకి చెప్పకు. వాళ్లు నమ్మి ఎత్తుతున్నారు" అన్నారు. లక్క కరిగించి, రూపాయి బిళ్ల అదిమి, సీలు మళ్లీ వేశారు.

ఎంపికయ్యాను. వెంటనే ఒక ఆఫీసరు గారు కాగితంతో వచ్చారు. సామాను అందింది, వాడుతున్నాం అని టీచరు గారు సంతకం పెడితేనే నా ప్రయాణం ఖర్చు, బట్టలు, క్యాంపు ఫీజు మంజూరవుతాయట. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి సంతకం పెట్టేశారు. మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించబోతుంటే లోపల ఖంగుమంది. "ఎవరో అప్పుడే మొదలెట్టేశారే!" అని ఆయన నవ్వారు, అందరూ నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు. పట్టుగుడ్డ కప్పిన పెట్టెల పక్కన ఫొటో తీసుకున్నారు గానీ మూత ఎవరూ ఎత్తలేదు. మైకు నాకిచ్చారు. "వాళ్లకి కావలసింది చెప్పెయ్యమ్మా" అన్నారు టీచరు గారు మెల్లిగా. ప్రభుత్వం ఇచ్చిన సామానుతోనే ఇంతదాన్నయ్యానని, థాంక్స్ అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. మంత్రిగారు వెళ్లగానే గదికి మళ్లీ తాళం పడింది.

దేశం తరఫున రెండుసార్లు ఆడాను, ఉద్యోగం వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్న బడికి మళ్లీ సామాను ఎవరిస్తారు? ఆవిడ రిటైరయ్యేదాకా ఆ వరండాలో పిల్లలు గాలినే ఎత్తారు. ఒకసారి సెలవుకి వెళ్తే మంగ అనే పిల్ల, నాకంటే బలమైన పిల్ల, పరిగెత్తుకొచ్చి అడిగింది: "అక్కా, నువ్వెత్తిన బరువులు మాకెప్పుడిస్తారు?"

టీచరు గారు పక్కనే ఉన్నారు. తల వంచుకున్నారు.

"లోపలే ఉన్నాయమ్మా, ఇస్తారు" అన్నాను.

మంగ నమ్మింది. ఆవిడ నేర్పిన పట్టు, నిలకడ నా ఒంట్లో ఇంకా ఉన్నాయి. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం మంగ మొహం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతాను.