కొండ మీద సద్దన్నం

నాకు పదకొండేళ్లు వచ్చేదాకా నేనెక్కిన ఎత్తల్లా మా లయం, అంటే కూలీల వరస ఇళ్లలో, మా గుమ్మం మెట్లే. మలయా దేశంలో క్వాలా సెలంగోర్ దగ్గరి మా రబ్బరు తోట చాప పరిచినట్టు చదునుగా ఉండేది. ఎటు చూసినా చెట్లు, చెట్లు అయిపోతే ముళ్ల కంచె. అందుకే మెర్డేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చిన సెలవుల్లో కొండెక్కడానికి వెళ్తున్నామని అయ్య చెప్పగానే నేను గెంతిన గెంతుకి గోడకున్న లాంతరు ఊగిపోయింది.

కొండంటే మరీ పెద్దదేమీ కాదు. పట్నం పక్కనే, నది సముద్రంలో కలిసేచోట ఉంది. పైన పాత కోట గోడలూ, ఫిరంగులూ, లైట్‌హౌసూ ఉన్నాయని, అక్కణ్ణించి చూస్తే సముద్రమంతా కనిపిస్తుందని అయ్య లారీ డ్రైవర్ల దగ్గర విన్నాడు. ఆ సముద్రం మాటే మామ్మని మంచం మీంచి లేపింది. మామ్మ అంటే అయ్యని కన్నతల్లి. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లైన కొత్తలో ఓడెక్కి వచ్చింది. దిగాక మళ్లీ సముద్రం మొహం చూడలేదు. అదేమంత దూరం కాదు గానీ, మధ్యలో మడ అడవి ఉంది, ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చిపడింది.

"నానూ వత్తాను. ఓపాలి సముద్రం సూసి వచ్చెత్తాను" అంది మామ్మ.

"నీ మోకాళ్లకి కొండేటమ్మా? ఎక్కలేకపోతే సగం దారిలో కూకోబెట్టెత్తాను, మరి తర్వాత అనకు" అన్నాడు అయ్య.

"కూకోడానికి ఇల్లు సాల్దేటి? అక్కడికొచ్చి కూకోవాలా?"

నేను మామ్మ పక్షం. ఎలాగైనా సరే, ఈడ్చుకునైనా సరే, మామ్మని పైదాకా తీసుకెళ్లి సముద్రం చూపించాలని ఆ క్షణమే పట్టుపట్టాను.

ఎమర్జెన్సీ రోజుల్లో మా బతుకేమిటో ఇక్కడ చెప్పాలి. తెల్లదొరల మీద తిరగబడి అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని తోటల చుట్టూ కంచెలు వేసి, గేటు దగ్గర సోదా పెట్టారు. పొద్దున్నే పనికి వెళ్లేటప్పుడు మగవాళ్లొక వరస, ఆడవాళ్లొక వరస. చేతులు పైకెత్తి నిలబడితే నడుమూ కొంగూ తడిమి చూసేవారు. పిడికెడు అన్నం కూడా గేటు దాటకూడదు. ఖాళీ కడుపుతో రబ్బరు చెట్లు గీసి, ఇంటికొచ్చాకే తినాలి. ఇది మామ్మకి ఎన్నడూ మింగుడు పడలేదు. వాళ్ల వైపు మనిషి గడప దాటితే చేతిలో సద్దన్నం మూట ఉండాల్సిందే. మూట కట్టకుండా ఎవరినైనా పంపితే, ఆ మనిషిని వదిలించుకున్నట్టే లెక్క.

మెర్డేకాకి కొంచెం ముందు మా ప్రాంతాన్ని 'తెల్ల ప్రాంతం' అన్నారు. అంటే ఇక భయం లేదని. సోదా మనుషులు వెళ్లిపోయారు, గేటు బార్లా తెరిచే ఉంటోంది, ఎవరైనా ఎంత అన్నమైనా ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. ఆ సంగతి అందరికీ తెలిసింది గానీ ఒంటికింకా ఎక్కలేదు. ఆ రోజు బస్సు కోసం బయల్దేరి గేటు దగ్గరికి రాగానే అమ్మ టక్కున ఆగి రెండు చేతులూ పైకెత్తింది. కాపలా గుడిసెలో ఒక కోడిపెట్ట తప్ప ఎవరూ లేరు.

"ఎవులికి సూపిత్తన్నావే? కోడికా?" అని నేను పడీ పడీ నవ్వాను.

"అలవాటైపోనాదే" అని అమ్మ సిగ్గుపడింది. మామ్మ మాత్రం నవ్వలేదు. ఎడంచెయ్యి నడుముకి నొక్కిపెట్టి, తల దించుకుని, చరచరా గేటు దాటేసింది.

కొండ దారి చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. పక్కన ఆకాశమంత చెట్లు. నాకు కాళ్లు నేల మీద నిలిస్తేనా! ప్రతి మలుపుకీ ముందుకి పరిగెత్తి, అవతల ఏముందో చూసి, మళ్లీ వెనక్కొచ్చి చెప్పేదాన్ని. నేలే పైకి లేస్తుందన్న సంగతి నాకు అంతకుముందు తెలియదు. కింద పట్నం కప్పులు కనిపించేసరికి కెవ్వున అరిచాను. మామ్మ మాత్రం పదడుగులు వెయ్యడం, ఆగడం. పట్టుకుని లాగుదామంటే ఎడంచెయ్యి ఇవ్వదు, అది నడుము మీదే ఉంది.

సగం దారిలో షర్బత్తు అమ్మే మలయ్ ముసలాయన మామ్మని చూసి జాలిపడి, "దుదుక్ లా, నెనెక్" అని తన బల్ల చూపించాడు. కూర్చోమని. అయ్యకి అదే సందు దొరికింది.

"ఇక్కడ కూకోమ్మా. మేం బేగి వచ్చెత్తాం."

"నడుత్తన్నాను కదేట్రా!" అని మామ్మ గయ్‌మంది. నేను అయ్య చొక్కా పట్టుకుని, మామ్మ రాకపోతే నేనూ రానని మొండికేశాను. అయ్య విసుక్కుంటూ నడిచాడు.

అప్పుడే ఆకలి మొదలైంది. "తినడానికేటి తెచ్చినావే?" అని అయ్య అమ్మనడిగాడు.

అమ్మ తెల్లబోయింది. "తిండి తేవొచ్చేటి?" అంది. అన్నాక నాలిక్కరుచుకుంది. పొద్దున్నే వండిన అన్నం కుండలో భద్రంగా మూత పెట్టి, తిరిగొచ్చాక తిందామని ఇంట్లోనే వదిలేసి వచ్చింది. అయ్యకి కోపం రాబోయింది గానీ, తనకి మాత్రం గుర్తొచ్చిందా? చుట్టూ చూశాను. చీనావాళ్లు గిన్నెలు విప్పుతున్నారు, మలయ్ కుటుంబాలవాళ్లు ఆకు పొట్లాలు విప్పుతున్నారు. వేరే తోటల నుంచి వచ్చిన మనవాళ్లు మాత్రం మాలాగే చేతులూపుకుంటూ కొండెక్కుతున్నారు.

నేను ముందు పైకి చేరాను. నాచు పట్టిన రాతి గోడలు, తుప్పు పట్టిన ఫిరంగులు! ఒక ఫిరంగి మీదకెక్కి నిలబడ్డాను. నది, మడ అడవి, దాని అవతల ఎక్కడా ఆగని నీళ్లు. ప్రపంచం ఇంత ఉందని నాకెవరూ చెప్పలేదేం అని ఒళ్లు తెలియని సంతోషంతో గోల గోల చేశాను. ఇదంతా మామ్మ చూడొద్దూ? దిగి కిందకి పరిగెత్తాను.

చివరి మలుపు దగ్గర మామ్మ ఆగిపోయి ఉంది. వెనకాలే ఒక బూడిదరంగు కోతి. ఇంతమందిని వదిలేసి మామ్మనే పట్టుకుంది. "ఇంక దిగిపోదామమ్మా" అంటూ అయ్య చెయ్యందించేలోపు కోతి మామ్మ చీర కుచ్చిళ్లు పట్టి లాగింది. మామ్మ "ఓలమ్మో!" అని రెండు చేతులూ పైకెత్తేసింది, అచ్చం గేటు దగ్గర ఎత్తినట్టే. నడుము మడతలోంచి అరిటాకు మూట ఒకటి జారి కింద పడింది. కోతి కంటే ముందు నేనే దాని మీద పడ్డాను.

"అమ్మా! అన్నమా?" అన్నాడు అయ్య.

"అరవకురా నాయినా, ఎవులైనా ఇంటారు" అంది మామ్మ అటూ ఇటూ చూస్తూ. "సద్ది నేకుండా సముద్రం దగ్గరికెలాగొత్తాను?"

"ఇప్పుడెవులూ ఏటీ అనరత్తా. సెప్పినారు కదా" అంది అమ్మ.

"నాకు సెప్పినారు. ఆ పోలీసోళ్లకి సెప్పినారో నేదో!"

అయ్య దారి మధ్యలోనే చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత లేచి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. మోకాళ్లదేమీ లేదు. మూట జారుతుందని, దొరికిపోతానని ఇంతసేపూ అలా నడిచింది. ఇప్పుడు రెండు చేతులూ ఊపుకుంటూ మా అందరికంటే ముందు పైకి చేరింది.

కోట గోడ మీద కూర్చుని మూట విప్పింది. సద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఉప్పు చేప. అందరి అరచేతుల్లో ముద్దలు పెట్టి, తన ముద్ద పట్టుకుని సముద్రం వైపు తిరిగింది.

"ఇదేటే, ఇంత బురదగుంది! నానొచ్చినప్పుడు నీలంగా ఉండీది" అంది. కోపంగానే అంది గానీ, కళ్లు మాత్రం తిప్పుకోలేదు. కాసేపయ్యాక, "మాయమ్మ కట్టిన సద్ది ఓడలో ఏడుత్తా తిన్నాన్రా. ఇది బాగున్నాది" అంది. ఆ మధ్యాహ్నం తిన్న ఆ ఒక్క ముద్దకి సాటి వచ్చే భోజనం నేనింతవరకూ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న గడ్డి పనికి వెళ్తూ మామ్మ టిఫిన్ క్యారియర్ నిండా అన్నం పెట్టుకుంది. గేటు దగ్గర ఆగింది. చేతులెత్తుతుందేమోనని వెనకాలే చూస్తున్నాను. ఎత్తలేదు. క్యారియర్ మూత తీసి, ఖాళీ గుడిసెకేసి చాపి, "సూసినారా?" అని గట్టిగా అడిగి, మూత పెట్టి వెళ్లిపోయింది.