నూట పద్దెనిమిదికి వణికిన చేతులు

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను సజీవుల మధ్య నిలబెట్టిన యేసయ్యకు ముందుగా స్తోత్రం చెప్పుకుని, మీ అందరికీ వందనాలు చేస్తున్నాను. నేను ఇక్కడికి రాగానే ముందు వరుసలో ఇద్దరు అక్కలు కుర్చీలు వెనక్కి జరుపుకోవడం నేను చూడకపోలేదు, ఈమె మళ్ళీ ఊగిపోయి మన మీద పడుతుందేమోనని! భయపడకండి అక్కా, ఈరోజు ఊగను. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నాను, నా పేరు దీవెనమ్మ, కావలి నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డులో మా ఇల్లు, పాతికేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, మా ఆయన ఏసోబు రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళలో ఎవరు లావయ్యారో ఎవరు చిక్కారో వాళ్ళ మొగుళ్ళ కంటే ముందు నాకే తెలుస్తుంది.

అలాంటి నేను ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టి పంపించాను! ఆ పిల్ల తల్లి వచ్చి ఆ జాకెట్టు నా మొహం ముందు పరిస్తే అప్పుడు కూడా నాకు తేడా కనపడలేదు, గీతలన్నీ అలలు అలలుగా, మధ్యలో పొగ పట్టినట్టు కనపడ్డాయి. షుగర్ నాకు ఎనిమిదేళ్ళ నుంచీ ఉంది సహోదరులారా, కానీ దాన్ని నేను ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకున్నాను, పొమ్మనలేదు, పట్టించుకోలేదు, మాత్ర గుర్తొస్తే వేసుకునేదాన్ని, లేకపోతే లేదు, ఎప్పుడు పరీక్ష చేయించినా మూడు వందల పైనే ఉండేది, నాకు మాత్రం ఏ బాధా లేదు, గుండ్రాయిలా ఉన్నానని అందరితో చెప్పుకునేదాన్ని.

నెల్లూరులో కంటి డాక్టరు నా కళ్ళలో చుక్కల మందు వేసి, లైటు పెట్టి చూసి, కంటి వెనకాల వాపు వచ్చిందమ్మా, సూదులు వేయాలి, కానీ షుగర్ తగ్గించుకోకపోతే ఎన్ని సూదులు వేసినా చూపు నిలబడదు అని తేల్చి చెప్పేశారు. బస్సులో ఇంటికొస్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. చూపు పోతే దర్జీదానికి ఏం మిగులుతుంది చెప్పండి! "ప్రభువా, నా చేతులకు పని నేర్పించింది నువ్వే, ఆ పని చూసుకునే కళ్ళు తీసేయకు తండ్రీ, ఇకనుంచి నేను బుద్ధిగా ఉంటాను, మాట తప్పితే నన్ను అడుగు" అని ఆ బస్సులోనే ప్రార్థన చేసుకున్నాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా! వేళకు మాత్రలు, అన్నం కొలిచి రెండు గరిటెలు, టీలో పంచదార బంద్, పొద్దున్నే సముద్రం దాకా నడక. మూడు వారాలు గడిచాయో లేదో, ఒకరోజు పదకొండు గంటల వేళ మిషను తొక్కుతుంటే ఒళ్ళంతా చెమట పట్టేసింది, గుండె దడదడా కొట్టుకుంది, చేతులు వణికిపోతున్నాయి, కడుపులో ఎలుకలు పరిగెత్తినంత ఆకలి, ఇక నా పని అయిపోయింది అనిపించింది. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. "షుగర్ డౌన్ అయిపోయింది మే, నోరు తెరువు" అంటూ ఒక గుప్పెడు పంచదార నా నోట్లో పోసేశాడు. కాసేపటికి నెమ్మదించింది.

షుగర్ డౌన్! ఈ మాట మన ఊళ్ళో తెలియని వాళ్ళెవరు? షుగర్ ఉన్న మనిషికి చెమట పడితే డౌన్, కళ్ళు తిరిగితే డౌన్, కోడలితో పోట్లాడి నీరసపడినా డౌనే, వెంటనే పంచదార డబ్బా వచ్చేస్తుంది. నేనూ అదే నమ్మాను. రోజుకు రెండుసార్లు, ఒక్కోరోజు మూడుసార్లు వణుకు, రెండుసార్లు మూడుసార్లు పంచదార, చివరికి కొంగు ముడిలో బెల్లం ముక్క కట్టుకుని తిరిగాను. ఇంతా చేసి నెల్లూరు వెళ్ళి రక్తం ఇస్తే మళ్ళీ మూడు వందల ఇరవై! వాపు అలాగే ఉంది, ఇట్లయితే కష్టమమ్మా అని ఆ కంటి డాక్టరు కాగితం పక్కన పెట్టేశారు. ఉపవాసం ఉన్నట్టు తింటున్నాను, అయినా తగ్గలేదు, దేవుడు నా ప్రార్థన వినలేదేమో అని మొదటిసారి నా మనసులో అనుమానం పుట్టింది.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన సంగతి చెప్తాను. మన ఆరాధన కూడా పదకొండు గంటలకే కదా ఊపందుకునేది! ఒక ఆదివారం పాటల మధ్యలో నాకు వణుకు మొదలైంది, చెమటలు, రెండు చేతులూ గాలిలో ఆకుల్లా ఆడుతున్నాయి, నేను కుర్చీ పట్టుకునేలోపల ఎవరో "హల్లెలూయ!" అని కేక పెట్టారు, "అక్క మీద ఆత్మ దిగింది!" అని ఇంకొకరు అన్నారు, డోలు జోరు పెరిగింది, చప్పట్లు పెరిగాయి, నేను కొంగుతో నోరు మూసుకుని బెల్లం చప్పరిస్తుంటే అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు! ఆరోజు చెప్పేయాల్సింది సహోదరులారా. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పాతికేళ్ళుగా చివరి వరుసలో కూర్చున్న దర్జీ దీవెనమ్మను ఆరోజు అందరూ ముందు వరుసలోకి పిలిచారు, మన పాస్టరు అయ్యగారు నా వైపు చూసి తల ఊపారు, నాకు అది బెల్లం కంటే తియ్యగా ఉంది. ఆ తర్వాత ఆదివారాలు అదే తంతు. ఇంటికొచ్చాక మా ఆయన మాత్రం "నువ్వు ఆత్మలో ఉండావా, ఆకలిలో ఉండావా?" అని నవ్వేవాడు, నేను కస్సుమనేదాన్ని.

మన ప్రభువు ఎంత చిలిపివాడో చూడండి, నా కళ్ళు తెరిపించడానికి మందిరంలో మనిషిని కాదు, కావలి బజారులో జరీనక్కను వాడుకున్నాడు. నేను లైనింగు గుడ్డలు, హుక్కులు ఆమె కొట్లోనే కొంటాను, మాది ఇరవై ఏళ్ళ స్నేహం, ఆమెకూ షుగరే. ఒకరోజు కొట్లో నిలబడగానే వణుకు వచ్చేసింది, నేను కొంగు ముడి విప్పుతున్నాను, ఆమె టక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మే, ఏంది తింటుండావు?"

"షుగర్ డౌన్ అయిందక్కా, వదులు, పడిపోతా!"

"డౌన్ అయిందని నీకు ఎట్టా తెలిసింది? చూసినావా? ముందు చూసుకో, ఆ తర్వాత తిను."

ఆమె గల్లాపెట్టె పక్కనుంచి చిన్న మీటరు తీసి, నా వేలు మీద టక్కున పొడిచి, రక్తం చుక్క పట్టించి నా ముందు పెట్టింది. నూట పద్దెనిమిది! డౌన్ కాదు సహోదరులారా, అది నా ఎనిమిదేళ్ళలో నేనెప్పుడూ చూడని చక్కటి అంకె! మీటరు పాడైపోయిందక్కా అన్నాను. ఆమె తన వేలు పొడుచుకుని చూసింది, పొద్దున చూసుకున్నంతే వచ్చింది, మీటరు బాగానే ఉంది, పాడైంది నా లెక్కే! బాగున్న షుగర్‌కు నేను చచ్చిపోతున్నట్టు వణుకుతున్నాను, ఇదేం వింత అని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, కొట్టు ఆమె కూతురికి అప్పజెప్పి అప్పటికప్పుడే నన్ను తన డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది.

ఆ డాక్టరమ్మ అంతా విని నవ్వింది. "దీవెనమ్మా, నువ్వు నటించడం లేదు, నీ వణుకు నిజమే. ఎనిమిదేళ్ళు మూడు వందల్లో బతికావు కదా, నీ ఒంటికి అదే ఇల్లు అయిపోయింది. ఇప్పుడు మామూలు అంకెకు రాగానే, అయ్యో పడిపోతున్నాను అని ఒళ్ళు కేకలు పెడుతోంది. నువ్వు పంచదార పోసి మళ్ళీ పైకి పంపిస్తున్నావు. మరి ఎప్పటికి అలవాటు పడుతుంది?" అంది. మాత్రలు కాస్త మార్చి, మెల్లమెల్లగా దిగుదాం, కొన్ని వారాల్లో ఒళ్ళు సర్దుకుంటుంది అని చెప్పి, ఒక సంగతి మాత్రం నాతో మూడుసార్లు పలికించింది: వణుకు వస్తే ముందు మీటరు, డెబ్బైకి తక్కువుంటే వెంటనే పంచదార, బాగానే ఉంటే కూర్చుని మంచినీళ్ళు తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి, మాత్ర మాత్రం నా అంతట నేను మానకూడదు.

వచ్చేదారిలో నేనూ ఒక మీటరు కొనుక్కున్నాను, కానీ చెప్పడం తేలిక, ఆగడం కష్టం! గుండె కొట్టుకుంటుంటే, పంచదార డబ్బా చేతికి అందేంత దూరంలో ఉంటే, ఆ పావుగంట ఎంత పొడుగో మీకు తెలియదు. మిషను మీద తల ఆనించి "యేసయ్యా, అంకె బాగుందని మీటరు చెప్తోంది, పోతున్నానని ఒళ్ళు చెప్తోంది, ఈ పావుగంట నన్ను పట్టుకో, ఆ తర్వాత పావుగంట సంగతి తర్వాత అడుగుతాను" అని ప్రార్థించేదాన్ని. అలా ఉన్నప్పుడే నాకు ఇశ్రాయేలీయులు గుర్తొచ్చారు. ఐగుప్తులో బానిసత్వం నుంచి బయటపడి కూడా అక్కడి ఉల్లిపాయల కోసం ఏడ్చారు కదా, నా ఒళ్ళు మూడు వందల కోసం ఏడుస్తోంది! నాకు నవ్వొచ్చింది, వణుకుతూనే పకపకా నవ్వాను, ఈమెకు పిచ్చి పట్టిందని మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. మీటరు చూపించాక ఆయనే పంచదార డబ్బా తీసి అటక మీద పెట్టాడు.

వారం వారం వణుకు పలచబడింది, ఇంట్లో అంతా బాగుంది, ఇక మిగిలింది మందిరం. ఆదివారం వణుకు వస్తే నేను కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగాలి, కానీ మీరంతా చుట్టూ చేరి చప్పట్లు కొడుతుంటే ఎలా కూర్చోను? సరిగ్గా అప్పుడే అయ్యగారు, దీవెనమ్మ మీద అభిషేకం ఉంది కనుక స్త్రీల సమాజానికి ఆమెనే పెద్దగా పెడదాం, వచ్చే ఆదివారం ప్రార్థన చేసి నిలబెడదాం అని ప్రకటించేశారు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. నోరు మూసుకుంటే పదవి వస్తుంది, కానీ ఇక ప్రతి ఆదివారం వణకాల్సిందే, వణుకు తగ్గిపోతే తెచ్చిపెట్టుకునైనా వణకాలి, లేదంటే మళ్ళీ పంచదార తిని షుగర్ పెంచుకుంటూ కూర్చోవాలి. నా కళ్ళా, ముందు వరుస కుర్చీయా? "తండ్రీ, మాట తప్పితే అడగమన్నాను, అడుగుతున్నావు, నాకు అర్థమైంది" అని మోకరించి ఏడ్చాను.

ఆ ఆదివారం ఇక్కడే నిలబడి, "సహోదరులారా, నా మీదికి వచ్చింది ఆత్మ కాదు, అలవాటు తప్పిన షుగర్, నాకు తెలిసి కూడా దాచిపెట్టాను, నన్ను క్షమించండి" అని చెప్పేశాను. వెనక నుంచి మా ఆయన ఒక్కడే ఫక్కున నవ్వాడు, ఆ తర్వాత ఒక్కొక్కరూ నవ్వారు, నేను ఏడుస్తూనే నవ్వాను. అయ్యగారు మాత్రం నవ్వలేదు, లేచి నా తల మీద చెయ్యి పెట్టి, "అమ్మా, నిన్ను వణికించింది షుగరే కావచ్చు, అందరి ముందు నిజం చెప్పించింది మాత్రం దేవుని ఆత్మే" అన్నారు. స్తోత్రం! ఆ మాటకు నా గుండె మీదనుంచి బండరాయి దిగిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఆరాధన ముగిశాక అయ్యగారి భార్య, ఇన్నాళ్ళూ స్త్రీల సమాజాన్ని నడిపిస్తున్న మన అమ్మగారు, నన్ను పక్కకు పిలిచి, "దీవెనమ్మా, నాకూ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అట్టనే వణుకొస్తుండాది, విశ్వాసం చాలక అనుకుని ఎవురికీ చెప్పలా" అన్నారు. ఆ శుక్రవారం నేను మీటరు తీసుకుని ఆమె పక్కనే కూర్చున్నాను. వణుకు మొదలైంది, వేలు పొడిచి చూశాను, యాభై నాలుగు! అది నాలాంటిది కాదు, నిజమైన డౌన్! ఉదయం షుగర్ మాత్ర వేసుకుని పొద్దస్తమానం ఏమీ తినకుండా ఉంటే మరేమవుతుంది! వెంటనే పంచదార నీళ్ళు తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూసి, అంకె పైకి వచ్చాక అన్నం పెట్టి, అదే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. ఇంకొంచెం ఆలస్యమైతే అక్కడే స్పృహ తప్పేదట. ఇప్పుడు ఆమె ఉపవాసం మానేసి ఆ పూట వాక్యం చదువుకుంటున్నారు, దేవుడు ఏమీ అలగలేదు.

కిందటి నెల నెల్లూరులో కంటి పరీక్ష జరిగింది. వేయాల్సిన సూదులు వేయించుకున్నాను, షుగర్ అదుపులో ఉంది, వాపు దిగిపోయింది, గోడ మీద అక్షరాల్లో చివరి వరుసకు పైవరుస దాకా చదివాను. కాగితం పక్కన పెట్టిన ఆ డాక్టరు గారే ఈసారి నా భుజం తట్టారు. నిన్న చంటిపాప గౌనుకు చేత్తో పూలు కుట్టాను సహోదరులారా, ఒక్కో రేకూ విడివిడిగా కనపడింది, దేవునికే మహిమ!

షుగర్ ఇంకా ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను, అది పోయిందని చెప్పి ఇంకో అబద్ధం ఆడను. స్త్రీల సమాజానికి పెద్దగా అమ్మగారినే ఉంచమని వేడుకున్నాను, నాకు చివరి వరుసలో ఫ్యాను గాలి బాగా తగులుతుంది. కానీ ఈ మందిరంలో ఇంకా ఎంతమంది ఒంట్లో బాధను విశ్వాసం కింద దాచిపెట్టుకుని కూర్చున్నారో నాకు తెలియదు, ఆయనకు తెలుసు. మనల్ని చేసినవాడికి మన రక్తం సంగతి తెలియదా, ఆయన ముందు సిగ్గెందుకు? నమ్మండి, ఆయన నిజం విని కోప్పడేవాడు కాదు. ఆరాధన అయ్యాక చివరి వరుసకు రండి, మీటరు నా సంచిలోనే ఉంది, ముందు మీ వేలు చూస్తాను, ఆ తర్వాత ఇద్దరం కలిసి మోకరిద్దాం.