జహీర్ వంతు

పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చిన జహీర్ వేమూరు, తెనాలి మధ్య ఆటో తోలుతున్నాడు. వరి కోతలయ్యేదాకా బాగానే ఉన్నాడు. మన వైపు తారురోడ్డే కళ్ళం కదా! వడ్లు ఆరబోసి, మంచుకి తడవకుండా బరకం కప్పి, అంచుల్లో రాళ్ళు పెడతారు. అది చూస్తే జహీర్‌కి కాళ్ళూ చేతులూ ఆడవు. కశ్మీరులో అతని పని, బండ్లు రాకముందే రోడ్డంతా నడిచి, ఎక్కడైనా బాంబు పెట్టారేమో చూడటం.

బరకం కనబడితే చాలు, ఆటో వెనక్కి తిప్పేస్తాడు. జనం వేరే ఆటోలు చూసుకున్నారు. తాగి తోలుతున్నాడని కూడా అన్నారు. సీసా మొహం ఎరగని మనిషిని! కుండ నోటికి మూకుడుంది గానీ ఊరి నోటికి ఎక్కడుంది?

భార్య షబానా పోరు పడలేక ఆమెతో బస్సులో తెనాలి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఎన్నిసార్లు సరిహద్దుకి వెళ్ళారు, పక్కన ఎవరైనా పోయారా అని డాక్టరు వరసగా అడిగాడు. చివరికి, "ఇంట్లో ఎవరికైనా చెప్పుకున్నారా?" అన్నాడు.

"చెప్పేదేం లేదండి."

"అన్నీ లోపలే దాచుకునేవాళ్ళనే ఇది ఎక్కువ పీడిస్తుందండి" అన్నాడు డాక్టరు. బయట బెంచీ మీద కూర్చున్న భార్యకి జహీర్ ఆ మాట కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే షబానా పంతం పట్టి తనే ఆటో ఎక్కింది. ఊరు దాటగానే బరకం. ఆటో ఆగింది.

"ఏంటో చెప్పండి. లేదంటే ఈ ఆటో అమ్మేద్దాం" అంది.

ఆ వడ్లు అక్కడే కాపలా ఉన్న సుబ్బులమ్మవి. ఆటో తన వడ్లు తొక్కుతుందేమోనని పాపం జంకుతున్నాడనుకుంది ఆవిడ. "పర్లేదు అబ్బాయ్, పోనీయ్. గింజకేం కాదు" అంటూ బరకం లాగేసి, వడ్లలో దిగి కాళ్ళతో తిరగేయసాగింది.

జహీర్ ఒక్క గంతులో దిగి, ఆవిడ చెయ్యి పట్టి పక్కకు తెచ్చాడు. "మీరు కాదమ్మా. ఇది నా వంతు" అన్నాడు.

చెప్పులు విడిచి, అడుగులో అడుగేస్తూ వడ్లలో ఆ చివరిదాకా నడిచాడు. సుబ్బులమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఏమీ జరగలేదు.

తిరిగొచ్చి ఆటోలో కూలబడ్డాడు. "ఆ రోజు నాకు జ్వరం. నా వంతు అభిషేక్ నడిచాడు. తిరిగి రాలేదు" అన్నాడు. ఆ పేరు షబానా వినడం అదే మొదలు. అతని పాదాలకంటిన గింజలు నెమ్మదిగా దులిపింది.

"ముందు ఇంకా నాలుగు బరకాలున్నాయి" అన్నాడు జహీర్.

"ఉండనీయండి. ఇద్దరం నడుద్దాం" అంది.